రబ్బరు మెడ

ఆ శనివారం ఉదయం శ్యామ్‌సుందర్ పెట్టుకున్న పని ఒక్కటే: నోవై ఊరి నుంచి విమానంలో వస్తున్న డాక్టర్ లక్ష్మీకాంతం గారిని ఎయిర్‌పోర్ట్ నుంచి సగౌరవంగా తీసుకురావడం. ఇర్వింగ్‌లో ఆవిడ పాత క్లినిక్ ఖాళీగా ఉంది. తన గరాజ్‌లో నడుస్తున్న తెలుగు బడిని అందులోకి మార్చాలని అతని కోరిక. టెక్సస్ ఎండకు ఆ గరాజ్‌లో పిల్లలు అ, ఆలు దిద్దడం మాని చెమట తుడుచుకుంటున్నారు. అందుకే పట్టుపంచె, కండువాతో బయల్దేరాడు.

హైవే మీద కార్లు నత్తల్లా కదులుతున్నాయి. అవతలి వైపు ఒక ట్రక్కు నుంచి పరుపులు జారిపడ్డాయి. ఇవతల దారికి ఏ అడ్డూ లేదు. అయినా అక్కడికొచ్చేసరికి ప్రతి కారూ నెమ్మదిస్తోంది.

"వీళ్లనే రబ్బర్‌నెక్ అంటారు సుమతీ," అన్నాడు భార్యతో, పాఠం చెప్పే గొంతుతో. "మెడని రబ్బరులా సాగదీసి చోద్యం చూసేవాళ్లన్నమాట. నూరేళ్ల పైమాటే ఈ పదం. న్యూయార్క్‌లో ఊరు చూపించే బండ్లెక్కి టూరిస్టులు మెడలు సాచి మేడలు చూసేవాళ్లు. ఆ బండ్లకీ అదే పేరు."

"మీరూ అటే చూస్తున్నారు."

"నేను చూడటం వేరు. నేను అబ్జర్వ్ చేస్తు..."

ముందు కారు డిక్కీ సొట్టపడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. రెండు కార్లూ రోడ్డు అంచున ఆగాయి. ముందు కారాయన పోలీసులకు ఫోన్ చేశాడు. జనం పరుపులను వదిలేసి వీళ్లను చూడసాగారు. శ్యామ్‌సుందర్‌కు తల కొట్టేసినట్టయింది. పోండి పోండి అంటూ కండువా ఊపాడు. పెద్ద లారీ గాలికి పంచె ఎగిరితే దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఊపుతూనే ఉన్నాడు. అంతవరకు ఆగని కార్లు కూడా నెమ్మదించాయి.

బడిలో ఒక పాప తల్లి భవిత అటుగా వెళ్తూ అద్దం దించింది. "ప్రొటెస్టా అంకుల్?"

"కాదమ్మా, ముందు నువ్వు కదులు."

గాలి హోరులో ఆ అమ్మాయికి 'కాదమ్మా' వినపడలేదు. తెలుగు కోసం అంకుల్ హైవే మీద ధర్నా చేస్తున్నారని బడి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది. కాసేపటికి స్నేహితుడు రాఘవులు ఫోన్ చేశాడు.

"ధర్నా అంటే మాకూ ఒక మాట చెప్పాలి కదండీ. అందరం వస్తున్నాం."

"రాకండి బాబూ."

"మీరు మొహమాటపడకండి."

వాళ్లూ పోలీసూ ఒకేసారి వచ్చారు. వీళ్లకు లీడర్ ఎవరని ఆఫీసర్ అడిగితే, అందరూ భక్తితో శ్యామ్‌సుందర్ వైపు చూశారు. జరిమానా టికెట్ అతనికే దక్కింది.

లక్ష్మీకాంతం గారు ఎదురుచూసి చూసి క్యాబ్‌లో క్లినిక్‌కి చేరుకున్నారు. దంపతులు పరుగున వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"సారీ అండీ, ట్రాఫిక్," అన్నాడు శ్యామ్‌సుందర్.

"తెలుసు, నేనూ అందులోనే ఉన్నా. పంచె కట్టుకుని ఎవరో గెంతుతుంటే క్యాబ్ స్లో చేయించి వీడియో తీశా. మా నోవై వాళ్లకి కూడా పంపించా," అంటూ ఆవిడ ఫోన్ చూపించారు. ఫోన్ వైపు ఒకసారి, అతని పంచె వైపు ఒకసారి చూశారు. "మీరా? తెలుగు కోసం ధర్నా అని మావాళ్లు ఇప్పుడే మెసేజ్ పెట్టారు. నిజమేనా?"

అసలు సంగతి చెప్పడానికి అతను నోరు తెరిచాడు. సుమతి అతని కాలు తొక్కింది. నోరు మూసుకున్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని తాళాలు చేతిలో పెట్టారు.

మొదటి రోజే బడి కిటకిటలాడింది. వచ్చినవాళ్లలో పిల్లలు సగమే. మిగతా సగం మెడలు సాచి శ్యామ్‌సుందర్‌ను చూడ్డానికొచ్చారు.