రెండు మిషన్ల మర్యాద

మనిషికి ఏ సంగతీ చెప్పకుండా ఉండటాన్ని మించిన మర్యాద లోకంలో లేదు! ఇన్నాళ్లూ ఈ ముక్క తెలియక ఊరికే కుమిలిపోయాను.

నేను చదివింది ఏడో తరగతి. ఉద్యోగం లిఫ్టుల కంపెనీ టెస్టింగ్ గదిలో. అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకటి లిఫ్టులా నటిస్తుంది, రెండోది లిఫ్టెక్కే జనంలా నటిస్తుంది. అసలు లిఫ్టు కదలకముందే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దొరకాలని ఈ నాటకం. చిక్కేమిటంటే, ఆ రెంటికీ మాటల్లేవు! లిఫ్టు సిద్ధమైందో లేదో జనానికి తెలిసేది కాదు. అందుకని మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. లిఫ్టు కంప్యూటర్ మీద పచ్చదీపం వెలగ్గానే జనం కంప్యూటర్ మీట నొక్కాలి. తొమ్మిదేళ్లు నొక్కాను. మాటలు మానేసిన తోడికోడళ్ల మధ్య అత్తగారైనా ఇంత ఓపిక పట్టదు!

కిందటి నెల ఓ ఇంజనీరమ్మ వచ్చి రెంటినీ కలిపేసింది. ఇక చూడాలి వాటి వరస!

"నేను సిద్ధం" అంటుంది లిఫ్టు. "అందింది, ఎక్కుతున్నాం" అంటారు జనం. "అందిందన్న సంగతి అందింది" అంటుంది లిఫ్టు! తెర నిండా ఇదే. ఏ ఇంటి అల్లుడికైనా ఇంత గౌరవం దక్కిందా?

ఆ తర్వాత కూడా పదకొండు రోజులు మీట నొక్కాను. దీపం వెలిగేది, నొక్కేవాణ్ని, టెస్టు పాసయ్యేది. నా చేతి చలవే అనుకున్నాను. పన్నెండో రోజున గది ఊడ్చే చెల్లెమ్మ బల్ల కిందికి వంగి, "అన్నయ్యా, నీ మీట వైరు పీకేసి ఇక్కడ పడేశారు. చుట్టిపెట్టనా?" అంది.

ఎంత దయో చూశారా! చెబితే నా మనసు నొచ్చుకోదూ? అందుకే ఇంజనీరమ్మ చెప్పలేదు. ఆవిడ చెప్పే ఉంటుందని సూపర్‌వైజర్ గారూ చెప్పలేదు.

ఈ సున్నితత్వం మా ఆవిడకే అర్థం కాదు.

"ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

"ఎవరూ ఏమీ అన్లేదే."

"నోరుందిగా, వెళ్లి అడగొచ్చుగా!"

"అడిగితే నేనున్నానని గుర్తొస్తుందేమోనే!"

కాబట్టి ఇప్పటికీ తొమ్మిదింటికల్లా వెళ్లి, వైరు లేని మీటను ఠంచనుగా నొక్కుతున్నాను. ఈ పత్రికకని ఇది రాసింది కూడా ఆ బల్ల మీదే. మా సూపర్‌వైజర్ గారు ఈ పత్రికను ప్రకటనలతో సహా చదువుతారు.

అయ్యా సూపర్‌వైజర్ గారూ, నన్ను ఉద్యోగంలో ఉంచుతారో పంపేస్తారో మీ ఇష్టం. పక్క గదిలోనే ఉన్నాను. ముందు ఒక్క మాట అనండి చాలు, ఆ మిషన్లు రోజుకు నలభై వేల సార్లు ఒకదానితో ఒకటి అనుకునే మాట.

"అందింది."