గెలిచేవాళ్లు తలుపు వేసి వెళ్తారు

"అద్దం ముక్క కాల్లో దిగుతుందేమోనే! ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి ఇచ్చేస్తావేమో, వాళ్లు పోయి ఏ మెట్ల మీదో పడతారేమో! బస్సు పూర్తిగా ఆగాకే దిగు!"

మా అమ్మాయి కళ్లద్దాల షాపులో ఉద్యోగానికి బయలుదేరిన మొదటి రోజు గుమ్మంలో నిలబడి నేనన్న మాటలివి. అప్పటికింకా ఏమీ జరగలేదు. జరగకముందే భయపడటం నా పద్ధతి. జరిగాక భయపడటానికి తల్లి ఎందుకు? చుట్టుపక్కలవాళ్లు చాలు!

అలాంటి నేను ఇవాళ బల్ల గుద్ది చెబుతున్నాను. ఫోన్లో నలుగురు కలిసి ఆడే ఆ తుపాకుల ఆట ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలి! పిల్లలు చెడిపోతున్నారని ఏడ్చే తల్లులారా, కళ్లు తుడుచుకోండి. ఆ ఆట కొంపలు ముంచదు, నిలబెడుతుంది. నేను చదివింది ఎనిమిదో తరగతే. అయినా ఈ ఒక్క విషయంలో నాకు పట్టా ఉన్నట్టే లెక్క.

అసలు ఆ ఆటలో చేతనైనవాడెవడు, చేతకానివాడెవడు? గురిలో ఉంది తేడా అనుకుంటారు చాలామంది. వేళ్ల వేగంలో ఉందనుకుంటారు. పై వాటాలో ఉండే మా మరిది కూడా అలాగే అనుకుని పెద్ద ఫోను, దాన్ని చల్లబరచడానికి ఒక చిన్న ఫ్యాను అమర్చుకున్నాడు. ఆట మొదలవగానే అందరికన్నా ముందు పరిగెడతాడు, అందరికన్నా ముందు పోతాడు. అక్కడ మొదలవుతుంది ఆయన అసలు ఆట! మిగిలినవాళ్లకి మైకులో ఇరవై నిమిషాల ఉపన్యాసం. "అటు వెళ్లొద్దని నేను ముందే చెప్పానా! చెప్పానా, లేదా!" పోయినవాడు ఇంతసేపు మాట్లాడటం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. నెట్‌వర్క్ బాగోలేదంటాడు. వేలికి చెమట పట్టిందంటాడు. కింద వాటాలో మా ఆయన దగ్గడం వల్ల గురి తప్పిందని ఒకసారి అన్నాడు.

మా అమ్మాయి అలా కాదు. ఆ ఆటలో దాని పేరు తూనీగ. దెబ్బ తగలగానే మూడే ముక్కలు చెబుతుంది. "నాకు తగిలింది. ఎర్ర గోడ వెనక ఉన్నా. కట్టు కావాలి."

అంతే! ఏమైంది, ఎక్కడున్నాను, ఏం కావాలి. ఏడుపు లేదు, ఎవరి మీదా నేరం లేదు. మరుక్షణం ఎవరో కట్టు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఆ వచ్చేవాడి మొహం కూడా ఇది ఎరగదు!

గది గోడకు చెవి ఆనించి ఇదంతా విని, ఆ గోడకే తల కొట్టుకున్నాను. ఎందుకంటారా? ఇదే అమ్మాయి మూడు వారాల కిందట మిట్టమధ్యాహ్నం, మూత కూడా తీయని అన్నం డబ్బాతో షాపు నుంచి ఇంటికొచ్చి గదిలో దూరి తలుపేసుకుంది. మళ్లీ పనికి వెళ్లలేదు. ఏమైందే అంటే "ఏం లేదు." ఒంట్లో బాగోలేదా అంటే "ఏం లేదు." షాపువాళ్లు ఏమైనా అన్నారా అంటే లోపల గడియ పడిన చప్పుడు!

నేను ఊరుకుంటానా? షాపు కాలిపోయిందనుకున్నాను. వెళ్లి చూస్తే నిక్షేపంగా ఉంది. దీనికి చూపు పోయిందేమో, నాకు తెలియకూడదని గదిలోంచి రావడం లేదేమో అనుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి మూడు వేళ్లు చూపించి "ఎన్నే?" అని అడిగాను. కర్టెన్ వేసేసింది. కనబడుతోందన్నమాట! ఆ రోజుకి ఆ భయం తీరింది.

వాళ్ల జట్టులో మా మరిది కాక ఒక పళ్ల డాక్టరు, ఒక లిఫ్టు మెకానిక్కు ఉన్నారు. పదకొండో రోజున ఆ మెకానిక్కు తాను బాగుచేస్తున్న లిఫ్టులోనే ఇరుక్కుపోయాడు. లోపల సిగ్నల్ లేదు. మా అమ్మాయి తలుపు నాలుగు అంగుళాలు తెరుచుకుంది.

"అమ్మా, నీ ఫోనివ్వు. ఆట ఎక్కిస్తా. నువ్వు నా వెనకాల నడిస్తే చాలు. దేన్నీ ముట్టుకోకు."

పదకొండు రోజుల్లో అది నాతో అన్న అతి పెద్ద మాట! లిఫ్టు మెకానిక్కు క్షేమంగా బయటికి రావాలని, కాకపోతే తొందరపడి రావద్దని కోరుకుంటూ వంటింట్లో స్టూలు మీద కూర్చుని యుద్ధంలోకి దిగాను.

ముట్టుకోకుండా ఎలా ఉంటానండీ? వాళ్లు ముగ్గురూ కనబడ్డ ఇంట్లోకల్లా దూరడం, తలుపులు బార్లా తెరిచి వదిలేసి పోవడం! ఏ తల్లి పెంచింది వీళ్లని? (ఒకదాన్ని నేనే అనుకోండి.) వెనకాలే ఒక్కో తలుపూ వేసుకుంటూ వచ్చాను.

"ఎవరండీ వెనక తలుపులు వేస్తున్నది?" అన్నాడు పళ్ల డాక్టరు.

"నేనే నాయనా. దొంగలు పడరూ?"

"ఇది యుద్ధం ఆంటీ!"

"అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. గొళ్లెం లేదేమిటి దీనికి?"

మాట నోట్లో ఉండగానే వెనక కిర్రుమంది. "ఎవరో తలుపు తీశారే! నేను వేసిన తలుపు!" అని కేక పెట్టాను. తూనీగ గిర్రున తిరిగి రెండు సార్లు పేల్చింది. వెనక నుంచి వచ్చిన శత్రువులిద్దరూ గుమ్మంలోనే కూలారు.

డాక్టరు ఆ కూలినవాళ్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఆంటీ, మీరు ఎన్నాళ్లుగా ఆడుతున్నారు?"

"ఇరవై ఆరేళ్లుగా నాయనా. పెళ్లైన దగ్గర్నుంచి."

ఆ రోజు నుంచి జట్టులో నా చోటు ఖాయం. మెకానిక్కు లిఫ్టులోంచి బయటపడ్డాడు గానీ జట్టులోకి రాలేకపోయాడు. నేను తుపాకీ పట్టను. పేలితే? కప్పు మీంచి దూకమంటే దూకను. మెట్లుండగా కాళ్లు విరగ్గొట్టుకోవడం దేనికి? ఏ పొదనీ నమ్మను. సంచిలో పద్నాలుగు కట్లుంటాయి, ఎవరికి ఎప్పుడు అవసరమొస్తుందో అని. ధైర్యవంతులు మొదటి నిమిషంలో పోతారండీ! చివరిదాకా మిగిలేది భయస్తులే. పెద్ద పెద్ద పోటీలకు ఆటగాళ్లను ఎంచేవాళ్లు కుర్రాళ్ల వెంట తిరగడం మానాలి. గ్యాస్ కట్టానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే ఆడమనిషి ఎక్కడ కనబడితే అక్కడే సంతకం పెట్టించుకోవాలి!

అయితే నాలోనూ ఒక లోపముందని నిన్న మధ్యాహ్నం బయటపడింది.

ఎవరో కాల్చిన గుండు నాకు తగిలింది. నేను చెప్పలేదు. పిల్ల ఆటలో ఉంది, ఎందుకు కంగారు పెట్టడం? సంచిలో పద్నాలుగు కట్లున్నా వాడుకోలేదు. వాళ్లకి ఉంచొద్దూ? ఒక మూల కూర్చుని చడీచప్పుడు లేకుండా పోయాను.

"అమ్మా!" హెడ్‌ఫోన్లు నా చెవుల్లో అదిరాయి. "తగిలితే చెప్పాలి కదా! చెప్పకుండా మూల కూర్చునేవాళ్లంత చేతకాని ప్లేయర్లు ఇంకెవరూ ఉండరు!"

"చెబితే కంగారు పడతావనీ..."

"చెప్పకపోతే ఇంకా కంగారు కదమ్మా!"

అన్నాక ఆ మాట దానికీ వినబడినట్టుంది.

"సరే, చేతనైనవాళ్లు చెప్పినట్టే చెబుతా విను," అన్నాను. "నాకు తగిలింది. తగిలి ఇరవై రోజులైంది. వంటింట్లో స్టూలు మీద ఉన్నా. షాపులో ఏం జరిగిందో నాకు కావాలి."

పళ్ల డాక్టరు ఆటలో పరుగు ఆపేశాడు. క్లినిక్కులో ఆయన ముందున్న పేషెంటు కుర్చీలో నోరు తెరుచుకునే ఉండి ఉంటాడు పాపం. అప్పటికే పోయి ఉపన్యాసంలో ఉన్న మా మరిది కూడా, జీవితంలో మొదటిసారి, నోరు మూశాడు. పాలు పొంగిపోయాయి. నేను లేవలేదు. బయట ఎవరిదో స్కూటరు స్టార్టయి, వీధి చివరిదాకా వెళ్లి, వినబడకుండా పోయింది.

"ఒకాయన కళ్లద్దాలు ఇంకొకాయనకి ఇచ్చానమ్మా," అంది చాలాసేపటికి. "ఆయన మెట్ల మీద పడ్డాడు. చెయ్యి విరిగింది. నన్నింక రావద్దన్నారు. గదిలోనే ఉన్నా, తలుపు తీశాను. నువ్వు రా. కానీ... నేను ముందే చెప్పానా అని మాత్రం అనకు."