తలకిందులైన ఫ్లోటు

ఆ రోజు పదకొండింటికి హోటలు మేనేజరు లాండ్రీ చూడటానికి వస్తున్నాడు. మూడువందల గదుల దుప్పట్లు. ఆ బేరం కుదిరితే అత్తగారి లాండ్రీ ఒడ్డున పడ్డట్టే. అందుకని అల్లుడు పొద్దున్నే అటకెక్కి, సబ్బు ద్రవం ఉండే ట్యాంకులో ఫ్లోటు శుభ్రం చేసే పని పెట్టుకున్నాడు.

ఫ్లోటంటే నిలువు గొట్టానికి తొడిగిన బెండు. దాని కడుపులో ఒక చివర అయస్కాంతం. ద్రవంతో పాటు బెండు కిందికి దిగితే, గొట్టంలోని స్విచ్చి, పీపాలోంచి ట్యాంకులోకి సబ్బు తోడే మోటారు వేస్తుంది. పైకి తేలితే ఆపేస్తుంది. బెండును తిరగేసి తొడిగితే ఈ లెక్కంతా తిరగబడుతుంది.

"మెకానిక్కుని పిలుద్దాం బాబూ," అన్నారు కింద నుంచి అత్తగారు.

"ఇంతోటి దానికి మెకానిక్కెందుకు అత్తయ్యా," అంటూ అల్లుడు బెండును తళతళలాడేలా తోమి, తిరిగి తొడిగాడు. తలకిందులుగా.

స్నానం చేసి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అని చెప్పే ఎర్రదీపం వెలుగుతోంది. మోటారు నడుస్తోంది.

"ఇందాక నిండుగా ఉందన్నారుగా బాబూ?"

"పొద్దున్నుంచీ ఉతుకుతూనే ఉన్నారుగా అత్తయ్యా, అయిపోయుంటుంది."

పావుగంటైనా దీపం ఆరలేదు. అల్లుడు ఇంకో సబ్బు పీపా తెచ్చి మోటారుకు తగిలించాడు. కాసేపటికి అతని నడినెత్తి మీద చల్లగా ఏదో పడింది. పైకి చూస్తే అటకంతా కారుతోంది. మోటారు ఆపి, పరుగున ఎక్కి మూత తీశాడు. ట్యాంకు పొర్లుతోంది.

"ఖాళీ చెయ్యండి, తొందరగా ఖాళీ చెయ్యండి," అని కేక పెట్టాడు.

ట్యాంకు మాట అనడం మరిచిపోయాడు. ఇస్త్రీ చేసేవాళ్లు చేతిలో చొక్కాలతో సహా వీధిలోకి పరుగెత్తారు. నిప్పంటుకుందేమోనని అత్తగారు నీళ్ల గొట్టం అందుకుని అటక మీదికి గురిపెట్టారు. సబ్బుకు నీళ్లు తోడయ్యాయి. నురగ మోకాళ్లు దాటి, గడప దాటి, మెట్లు దిగి, అప్పుడే కారు దిగుతున్న మేనేజరు బూట్ల దగ్గర ఆగింది.

అత్తగారి చేతిలోంచి గొట్టం జారిపోయింది. బేరం పోయినట్టేననుకుంటూ అల్లుడు అటక దిగి, నురగ తోసుకుంటూ బయటికొచ్చాడు.

మేనేజరు వంగి, గుప్పెడు నురగ తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"పాత లాండ్రీవాడు సబ్బులో సగం నీళ్లే కలిపేవాడండీ. ఇక్కడ ఇన్ని నీళ్లు పోసినా చిక్కదనం పోలేదు. రేపట్నుంచి మా దుప్పట్లు మీకే. ఈ ఏర్పాటంతా ఎవరిది?"

"మా అల్లుడుగారిదేనండీ," అన్నారు అత్తగారు, తడబడకుండా.

అల్లుడు వినయంగా ఏదో అనబోయాడు. నోట్లోంచి బుడగ వచ్చింది.

మేనేజరు దాని నాణ్యత కూడా మెచ్చుకున్నాడు.