ఇరవై అయిదు నిమిషాల డికాషన్

సినిమాకు విజయం చేకూర్చే ద్రవపదార్థం ఫిల్మ్ నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ వంటగదిలో కనుగొనబడిందనీ, దానికి భిక్షం అనే ఉద్యోగి కారకుడనీ ఇందుమూలంగా ప్రేక్షక మహాశయులకు తెలియజేయడమైనది.

కనుగొన్న తీరు ఇది. మూడేళ్ల క్రితం నిర్మాత బసవపున్నయ్యగారి ఆఫీసులో కథాచర్చలు మొదలైన రోజున పాలు విరిగాయి. భిక్షం టీ పొడి వేసి నీళ్లు పొయ్యి మీద పెట్టి, రహమత్ నగర్‌లోని ఇంటికి నీళ్ల ట్యాంకర్ రాలేదని భార్య అనసూయమ్మ ఫోన్ చేస్తే మాట్లాడుతూ నిలబడిపోయాడు. ఇరవై అయిదు నిమిషాలు మరిగిన డికాషన్ తారులా తయారైంది. భయపడుతూనే కప్పుల్లో పోసి ఇచ్చాడు. ఆ సినిమా మూడు వారాలు హౌస్‌ఫుల్‌గా ఆడింది. మిగతావన్నీ పాత సినిమాలకు చేసినట్టే చేశారు, ఒక్క టీ మాత్రమే మారింది కనుక విజయం టీదేనని తేలింది. ఆఫీసులోకి పాలు రావడం ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఏకవచనంతో బతికిన మనిషి భిక్షంగారయ్యాడు. వంటగదిలో ఆయనకొక కుర్చీ కూడా వేశారు.

తర్వాతి సినిమా భారీది కాబట్టి టీ కూడా ఆ స్థాయిలో ఉండాలని బంజారా హిల్స్ నుంచి మనోజ అనే టీ నిపుణురాలిని పిలిపించారు. ఆమె అస్సాం ఆకు తెచ్చింది. రెండాకులూ ఒక మొగ్గా చొప్పున తుంచి, వాడబెట్టి, నలిపి, గాలి తగిలి రంగు మారేదాకా ఉంచి, వేడి మీద ఆరబెడితే అది నల్ల టీ అవుతుందని వివరించింది. మరిగిన నీళ్లు ఆకు మీద పోసి, మూతపెట్టి, సరిగ్గా నాలుగు నిమిషాలకు వడకట్టింది. డికాషన్ కొత్త రాగిచెంబు రంగులో దిగింది.

భిక్షం ఒక గుక్క తాగి కప్పులోకి తొంగి చూశాడు.

"ఇన్నేండ్లు చాయ్ అని నేనేం కాసిన మేడమ్?"

"మీరు ఆకును ఉడకబెట్టారు భిక్షంగారూ. నానబెట్టాలంతే."

యూనిట్ సభ్యులు కూడా తాగి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి బసవపున్నయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"బాగుందమ్మా. మా భయమల్లా అదే. ఆ రోజు టీ బాగాలేదు."

సుదీర్ఘ సమాలోచనల అనంతరం ఆకు మనోజది, మరిగించడం మాత్రం ఇరవై అయిదు నిమిషాలు అని తీర్మానించారు. ఆమె నుదురు రుద్దుకుంటూ కారెక్కింది.

ఏడు నెలలు చర్చలు జరిగాయి. దర్శకుడు అరవింద్ సీను చెప్పడం, అందరూ ఒక గుక్క మింగి మొహాలు వికారంగా పెట్టడం, ఎమోషన్ పండిందని రాసుకోవడం జరిగేది. కడుపులో మంటకు మాత్రలు బిస్కెట్ల ప్లేటులోనే పెట్టేవారు. ఇంటర్వెల్ సీను చెప్పే రోజున భిక్షానికి ఆ ఆకును చూస్తే జాలేసింది. అంత దూరం నుంచి వచ్చి ఈ గిన్నెలో చావాలా అనిపించి, పంతొమ్మిదో నిమిషంలో స్టవ్ ఆపేశాడు.

షూటింగ్ ముగిసి ఒక శుక్రవారం సినిమా విడుదలైంది. మ్యాట్నీకి కుర్చీలు ఖాళీ. శనివారం ఆనవాయితీ ప్రకారం విజయోత్సవం జరిపి కేకు కోశారు. ఆదివారం విచారణ సంఘం కూర్చుంది. వంటగదిలోని సీసీ కెమెరా పాత రికార్డులు చూడగా ఇంటర్వెల్ సీను చెప్పిన రోజున ఆరు నిమిషాల లోటు బయటపడింది.

"జనం లేచి వెళ్లింది కూడా ఇంటర్వెల్ దగ్గరే కదండీ," అన్నాడు అరవింద్.

ఇక సాక్ష్యంతో పనిలేదు. భిక్షాన్ని పిలిచారు.

"నిజం చెప్పవయ్యా. టీ ఒక్కటేనా, ఇంకేమైనా లోపం జరిగిందా?" అని అడిగారు బసవపున్నయ్యగారు.

ఇంకేం జరిగిందో భిక్షానికి తెలుసు. కప్పులు అందిస్తూ ఆ కథను మూడు వందల సార్లు విన్నవాడు. అందులో ఏమీ లేదని మొదటి వారంలోనే అతనికి అర్థమైంది. అరవింద్ నేల చూపులు చూస్తున్నాడు. మిగతావాళ్లు ఊపిరి బిగబట్టారు. యాభై రెండేళ్ల వయసులో ఇంకో ఆఫీసు గడప తొక్కడం ఎట్లాగో భిక్షానికి తోచలేదు.

"ఇంకేం లేదు సార్. కథ మస్తుగున్నది. నేనే జర జల్దీ స్టవ్ బంద్ చేసిన."

గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. బసవపున్నయ్యగారు లేచి వచ్చి కౌగిలించుకున్నారు. ఉద్యోగం నిలబడింది. వంటగదికి ఒక టైమరు మంజూరైంది. కథ నిర్దోషి అని తేలినందున దానికే రెండో భాగం ప్రకటించారు. భిక్షానికి ప్రాణం లేచొచ్చినట్టయింది, అలా లేచొచ్చినందుకు సిగ్గూ వేసింది.

మర్నాడు ఈ వార్త రాష్ట్రమంతా పాకింది. టీవీల్లో నిపుణులు కూర్చున్నారు. అభిమానులు ఫోన్లలో ఇరవై అయిదు నిమిషాల వర్గంగా, పంతొమ్మిది నిమిషాల వర్గంగా చీలి తిట్టుకున్నారు. వచ్చిన ప్రతి విలేకరీ భిక్షాన్ని స్టవ్ మంట ఎంత పెట్టావని అడిగాడు. ఇంతకూ ఆ కథేమిటని ఒక్కరైనా అడిగితే నిజం చెప్పేద్దామని అతను వారం రోజులు ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. అంత దూరం ఎందుకు, ఇంతదాకా శ్రద్ధగా చదివిన మీరు మాత్రం అడిగారా?