మేక వెనక వరుస

జనగామలో ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మానుకోట పోవాలి, సుదర్శన్ బెల్లం దుకాణంలో సరోజన కాంటా ఎక్కాలి, బరువుకు సరితూగేలా ఆమె ఎత్తు బెల్లం కట్టించుకొని మేడారం జాతరకు సాగిపోవాలి. నిజానికి ఆమె మొక్కింది తన ఎత్తు కాదు. నిరుడు భర్త జగపతికి గుండె ఆపరేషన్ జరుగుతుండగా, దవాఖాన వరండాలో నిలబడి, ఆయన ఎత్తు బంగారం ఇస్తానని మొక్కింది. మేడారం దేవతలైన అమ్మలకిచ్చే బెల్లాన్ని ఆ వైపు బంగారమనే అంటారు.

"నన్ను బతికించింది డాక్టర్లు. నేను కాంటా ఎక్కను," అన్నాడు జగపతి.

"నువ్వు ఎక్కవని నాకెరుకే. నా ఎత్తన్న ఇస్త. అమ్మలు ఏమనుకుంటరో ఏమో," అంది సరోజన.

మొక్కు మీద లేని నమ్మకం జగపతికి ఆ కాంటా మీద ఉంది. దాన్ని కంప్యూటరుతో కలిపే డ్రైవరు ప్రోగ్రాం ఆయనే రాశాడు. భూపాలపల్లి గని కంప్యూటరు గదిలో నేర్చిన విద్య అది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెడితే తాకే ఆ చల్లదనం, యంత్రాల హోరు, క్వార్టరు నుంచి సరోజన కట్టిచ్చిన జొన్నరొట్టె వాసన ఆయన్ని ఇప్పటికీ విడవలేదు. సుదర్శన్ పాత కంప్యూటరు ఈమధ్య చెడిపోతే, అరచేతంత కొత్త బోర్డు తెప్పించి, ఆ పాత ప్రోగ్రామునే అందులోకి ఎక్కించాడు.

"ఒక్క అక్షరం మార్చలే. ఏ యంత్రంల పెట్టినా నడుస్తది," అని దారంతా చెబుతూనే వచ్చాడు.

దుకాణం ముందు జాతర రద్దీ. తండా నుంచి వచ్చిన భారీ మనిషి వాల్యా కాంటా ఎక్కి, తెర మీది అంకె చూసి మురిసిపోతూ దిగాడు. తర్వాత సరోజన ఎక్కింది. నూట పది కిలోలు.

"ఏందిది? నేను గంత లావున్ననా?"

తన డ్రైవరును శంకించడం జగపతికి ఇష్టం లేదు. "మోకాళ్ల నొప్పులు గందుకే కావచ్చు," అన్నాడు.

ఆమె కేకలకు జనమంతా అటు తిరిగిన సమయంలో వాల్యా జాతరకు తోలుకొచ్చిన తన మేకను కాంటా ఎక్కించి దించాడు. దాని బరువెంతో ఎవరూ చూడలేదు. ఆ వెనక ముసలి కట్టమ్మ ఎక్కింది. పద్దెనిమిది కిలోలు.

"అమ్మలు నా లేమిని చూసిన్రు!" అంటూ ఆమె చేతులు జోడించింది.

వాల్యా ఆలోచించి మేకను మళ్లీ ఎక్కించాడు. దాని వెనక ఎక్కిన అతని తండా మనిషి కమ్లీకీ పద్దెనిమిదే! అంతే, కొద్ది బెల్లంతోనే మొక్కు తీరుతుందని అందరూ మేక వెనక వరుస కట్టారు. ఎవరో దానికి బొట్టు పెట్టారు. ఇంకెవరో బంతిపూల దండ వేస్తే అది నింపాదిగా తినేసింది.

"సారూ, గిట్లయితే దుకాణం మూసుడే!" అన్నాడు సుదర్శన్.

"నా మొక్కు ఆగం చేస్తివి. ఎంత ఇయ్యాల్నో ఇప్పుడు ఎవలకు ఎరుక?" అంది సరోజన. ఈసారి ఆమె అరవలేదు. అదే ఆయన్ని కదిలించింది.

జగపతి తెరనే గమనించాడు. ఎవరు ఎక్కినా కనబడేది ముందు దిగినవారి బరువు. కాంటా కొత్త అంకెను ప్రాసెసరు చేయి తగలకుండా నేరుగా మెమొరీలో రాసేస్తుంది. ప్రాసెసరు మాత్రం తన దగ్గర దాచుకున్న పాత నకలును చదువుతోంది. పాత కంప్యూటరు ఆ రెండింటినీ తనంతట తానే సరిచూసుకునేది. ఈ చిన్న బోర్డుకు ఆ మర్యాద లేదు. మెమొరీలోని ఈ జాగా ఇప్పుడు కాంటాదని అప్పగించడం ప్రోగ్రాములో ఉంది. పని అయ్యాక, నకలు పారేసి జాగాను తిరిగి పుచ్చుకోవడం మాత్రం అందులో లేదు. జగపతి ఆ ఒక్క వాక్యం చేర్చాడు.

"మేక మహిమ తీసేసిండు!" అని వరుస గొల్లుమంది.

"మహిమ కాదు. మేకను ఎక్కించుండ్రి, ఎనక ఎవలన్న ఎక్కుండ్రి, తేలిపోతది."

ఎవరూ కదల్లేదు. "నీ మరమ్మతు మీద నీకు నమ్మకముంటే నువ్వే ఎక్కు సారూ," అన్నాడు వాల్యా.

మేక దిగగానే జగపతి ఎక్కాడు. అరవై నాలుగు కిలోలు.

"చూసిన్రా! మేకది కాదు, ఇది నా బరువే! అచ్చంగా నాదే!" అని ఆయన కాంటా మీద నుంచే ప్రకటించాడు.

సరోజన కొంగుతో కళ్లు తుడుచుకొని సుదర్శన్ వైపు తిరిగింది. "విన్నవు గదా తమ్మీ. గంత బంగారం కట్టు."

డ్రైవరు నిక్కచ్చిగా పనిచేసిందనడానికి ఆ బెల్లం మూటలే రుజువని జగపతి ఒప్పుకున్నాడు. వాటిని మేడారం బస్సెక్కించడంలో మాత్రం ఏ సిద్ధాంతమూ ఆయనకు సాయపడలేదు.