మూడేండ్లు ఫిజిక్సు, రెండేండ్లు కరెంటు

ఆ రోజు నిషాత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ప్యాసింజరు రైల్లో నాయనతో కలిసి హిందూపురం నుంచి బయలుదేరాలి. దారిలో పెనుకొండలో, ఇంటర్‌లో తనకు ఫిజిక్సు చెప్పిన రాఘవేంద్ర సారును ఎక్కించుకోవాలి. ధర్మవరంలో దిగి ఇష్రత్ అత్త చేత సరే అనిపించుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు లోపల నాయన సంతకం పెట్టిన కాగితాన్ని ఫోటో తీసి కాలేజీకి పంపాలి. అంతే.

కాలేజీ బెంగుళూరు అవతల ఉంది. అందులో చదువే కొంచెం వింత. మొదటి మూడేళ్లు ఫిజిక్సు, దాంతోపాటు సాహిత్యం, చరిత్ర, ఇష్టముంటే సంగీతం. ఆ తర్వాత రెండేళ్లు వేరే ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్. ఐదేళ్లు ముగిసేసరికి చేతిలో రెండు డిగ్రీలుంటాయి. సీటు వచ్చినట్టు ముందురోజు సాయంత్రమే ఫోనుకు కబురు వచ్చింది.

నిషాత్ నాయన జిలాన్ ముప్పై ఏళ్లుగా హిందూపురంలో మోటార్లకు వైండింగు కట్టే షాపు నడుపుతున్నాడు. కూతురు ఎలక్ట్రికల్ ఇంజనీరు కావాలని అతనికీ ఉంది. కానీ నాలుగేళ్లలో అయ్యే పనికి ఐదేళ్లెందుకో, మధ్యలో కథలూ పాటలూ ఎందుకో అంతుపట్టలేదు. వద్దని కూతురి ముఖం మీద చెప్పే ధైర్యమూ లేదు. అందుకని, "మీ అత్త సరే అంటే నాదేముండాది పాపా," అని తప్పుకున్నాడు. అక్క ఇష్రత్ మాట అతనికి శాసనం. ఆడపిల్లను ఐదేళ్లు ఊరు కాని ఊళ్లో వదలడానికి ఆమె ఎటూ ఒప్పుకోదని అతని ధీమా. నిషాత్ అమ్మ మాత్రం ముందే సరేననేసి అంగన్‌వాడీ డ్యూటీకి వెళ్లిపోయింది.

ఇంట్లో మిగిలింది జిలాన్ తల్లి మున్నీబీ. తండ్రీకూతుళ్లు గడప దాటగానే ఆమెకు ఒక మంచి ఆలోచన వచ్చింది. వీళ్లు పోయి చెప్పేలోపే తాను ఇష్రత్ చెవిన నాలుగు ముక్కలు వేసిపెడితే మనవరాలి పని సులువవుతుంది కదా అనుకుంది. ఫోను తీసింది.

ఇష్రత్ ఇంట్లో రెండు మరమగ్గాలున్నాయి. అవి ఆడుతుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాటే సగం వినపడదు, ఇక ఫోను సంగతి చెప్పనక్కర్లేదు.

"పాపకు మూడేండ్లు ఫిజిక్సంట, ఆ పైన రెండేండ్లు కరెంటంట," అని మున్నీబీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "ఈడ కుదరదంట, బెంగుళూరుకే పోవల్లంట. జిలాను సంతకం పెడితేనే చేర్చుకుంటారంట."

మగ్గాల చప్పుడులో ఇష్రత్ చెవికి ఫిజిక్సు కాస్తా ఫిట్సుగా చేరింది. పిల్లకు మూడేళ్లుగా ఫిట్సు. ఆ సంగతి తెలిశాక కరెంటు పెట్టడం ఎందుకో, బెంగుళూరు ఎందుకో, సంతకం ఎందుకో వేరే అడగాల్సిన పని లేకపోయింది. మగ్గం పక్కనే కూలబడింది. ఇది ఎప్పటినుంచి అని మాత్రం అడగగలిగింది.

"చిన్నప్పట్నుంచీ దానికా పిచ్చి ఉండేదే కదమ్మా. ఇప్పుడు ముదిరింది, అంతే," అంది మున్నీబీ మురిపెంగా. వెంట ఒక సారు కూడా వస్తున్నాడని, ఆయన అన్నీ విడమరిచి చెబుతాడని, కాదనవద్దని బతిమాలి ఫోను పెట్టేసింది. సగం పని తానే చేసిపెట్టానన్న తృప్తితో వక్కాకు వేసుకుని కూర్చుంది.

తమ్ముడు ఇంత సంగతి తన దగ్గర దాచాడే అని ఇష్రత్‌కు కోపం వచ్చింది. ఆ కోపం కన్నీళ్లలో కొట్టుకుపోయింది. భర్త జాకీర్ పెళ్లివారికి చీరలివ్వడానికి పెనుకొండకు వెళ్లి ఉన్నాడు. అతనికి ఫోను చేసి, అదే రైలెక్కి పిల్లను జాగ్రత్తగా ఇంటికి తెమ్మంది. పిల్ల ముందు మాత్రం జబ్బు పేరు ఎత్తవద్దని, ఎత్తితే బెదిరిపోయి మళ్లీ వస్తుందని ఒట్టు వేయించుకుంది.

జాకీర్ మెత్తని మనిషి. దర్గాకు పరుగెత్తి మంత్రించిన దారం తెచ్చుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. రైలు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటా అతను కళ్లు తుడుచుకుంటూనే గడిపాడు.

పెట్టెలోకి ఎక్కుతూనే నిషాత్ చేతికి దారం కట్టాడు. కాలేజీ సీటు రావడం విని కాబోలు, అత్తవాళ్లు అప్పుడే తన వైపు తిరిగారని నిషాత్ సంబరపడింది. తర్వాత జాకీర్ తన ఇంటి తాళంచెవుల గుత్తి తీసి ఆమె గుప్పిట్లో పెట్టాడు. ఇనుము చేతిలో ఉంటే ఫిట్సు రాదని అతని నమ్మకం. మామ పొరపాటున ఇచ్చాడనుకుని నిషాత్ తిరిగి ఇచ్చింది. అతను మళ్లీ పెట్టాడు. మూడోసారికి ఆమె, ధర్మవరంలో ఇది ఏదో మర్యాద కాబోలనుకుని గట్టిగా పట్టుకుంది.

జాకీర్ బావమరిదిని తలుపు దగ్గరికి తీసుకెళ్లి, చివరిసారి ఎప్పుడొచ్చిందని గుసగుసగా అడిగాడు.

"నిన్న సాయంత్రం బావా. ఫోన్‌లోనే వచ్చింది," అన్నాడు జిలాన్ నీరసంగా. "దాన్ని చూసినప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు."

"ఆ ఫోన్లు పిల్లోళ్ల చేతికి ఇయ్యొద్దనేది ఇందుకేనప్పా," అని జాకీర్ అతని వీపు నిమిరాడు.

రాఘవేంద్ర సారు కూడా పెనుకొండలోనే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. తెల్లని పొట్టిచేతుల చొక్కా, ఒళ్లో తోలుసంచి. జాకీర్ ఆయన్ని చూడగానే డాక్టరని తేల్చుకున్నాడు. పక్కన చేరి, పిల్లకు వినపడకుండా, కరెంటు తప్పదా అని అడిగాడు. శిష్యురాలి బంధువుల్లో ఇంత ఆసక్తి ఉన్న మనిషి దొరికినందుకు సారు ఉప్పొంగిపోయాడు.

"తప్పదు. దాని కోసమే కదా ఇదంతా. కాకపోతే ముందు మూడేండ్లు పునాది గట్టిగా పడాల. అప్పుడు కరెంటు దానంతటదే తలకెక్కుతుంది."

జాకీర్ ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఐదేళ్ల తర్వాత పిల్ల మామూలుగానే ఉంటుందా అని అడిగాడు. మామూలుగా ఎందుకుంటుంది, మనమెవరూ ఆమెను గుర్తుపట్టలేమని సారు గర్వంగా చెప్పాడు. ధర్మవరం వచ్చేదాకా జాకీర్ దువా చదువుకుంటూనే ఉన్నాడు.

వాళ్లు ఇల్లు చేరేసరికి పదకొండున్నర. వాకిట్లో పదిహేను జతల చెప్పులున్నాయి. మగ్గాలు ఆపేసి ఉన్నాయి. హాల్లో మంచం వేసి ఉతికిన దుప్పటి పరిచారు. పక్కింటి లక్ష్మీనరసమ్మ లేత కొబ్బరికాయ కొట్టి తీసిన ఎళనీరు చెంబుతో తలుపు దగ్గరే నిలబడింది. ఇష్రత్ ఎదురొచ్చి నిషాత్‌ను కావిలించుకుని మాటా పలుకూ లేకుండా ఏడ్చింది. పిల్ల ముందు ఎవరూ పెదవి కదపకూడదన్నది ఆమె ఆజ్ఞ కాబట్టి మిగతావాళ్లంతా తలలు వంచుకున్నారు.

జిలాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పనిరోజున అక్క మగ్గాలు ఆపడం అతను పుట్టి ఎరగడు. జనం, కన్నీళ్లు, నిశ్శబ్దం. ఎవరో పోయారు. ఎవరు? అక్క కళ్లెదుటే ఉంది. బావ తనతోనే వచ్చాడు. బావ రైల్లో కళ్లు తుడుచుకోవడం, తన వీపు నిమరడం ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. పొద్దున ఒంటరిగా వదిలి వచ్చిన మనిషి ఒక్కతే ఉంది.

"అమ్మేనా అక్కా?" అన్నాడు.

పిల్ల జబ్బు సంగతి అమ్మే చెప్పిందా అని అడుగుతున్నాడనుకుని ఇష్రత్ ఏడుస్తూనే తలూపింది.

జిలాన్ నిట్టనిలువునా కూలిపోయాడు. అందరూ పరుగెత్తారు. పిల్లకోసం వేసిన మంచం మీద అతన్ని పడుకోబెట్టారు. జాకీర్ నిషాత్ గుప్పిట్లోని తాళంచెవులు లాక్కుని జిలాన్ గుప్పిట్లో కుక్కాడు. ఇది వంశంలోనే ఉందన్నమాట అని ఎవరో నిట్టూర్చారు. లక్ష్మీనరసమ్మ ఎళనీరు పోయబోతే సగం నోట్లో, సగం చెవిలో పోయింది. వైద్యం చేయమని జాకీర్ సారు చేతులు పట్టుకున్నాడు. తాను ఫిజిక్సు లెక్చరరునని, నాడి కూడా చూడటం రాదని ఆయన మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

జిలాన్ జేబులో ఫోను మోగింది. నిషాత్ తీసి చూస్తే మున్నీబీ. స్పీకరు నొక్కింది. తల్లి గొంతు వినగానే జిలాన్ లేచి కూర్చున్నాడు.

"ఏమబ్బా, సంతకం పెడితివా? ఫిజిక్సుకు మీ అక్క ఏమన్నది?"

మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఈసారి ఆ మాట స్పష్టంగా అందరికీ వినపడింది. ఇష్రత్ ముక్కు తుడుచుకుని, ఫిజిక్సుకా, ఫిట్సుకు కాదా అని అడిగింది. సారు ముందుకొచ్చి, ఇదేదో తరగతి గది అయినట్టు నిలబడి, మూడేళ్లేమిటో, రెండేళ్లేమిటో, రెండు డిగ్రీలేమిటో మొదటినుంచి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నిషాత్ గోడ గడియారం చూస్తూనే ఉంది. పన్నెండుకు పది నిమిషాలుంది.

"అంటే పిల్లకు ఏమీ లేదా సార్?" అని ఇష్రత్ అడిగింది.

"చదువు తప్ప ఏమీ లేదమ్మా."

ఇష్రత్ మంచం పట్టె మీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. జిలాన్ ఆశగా ఆమె వైపు చూశాడు, ఐదేళ్లు కుదరదు అనే మాట కోసం.

"ఐదేండ్లు ఆసుపత్రి వరండాలో పడుకునేదానికి పొద్దున్నే నిశ్చయం చేసుకున్నా నేను," అంది ఇష్రత్. "చదువుకు పంపలేనా? పెట్టప్పా సంతకం."

జిలాన్‌కు చాటున దాక్కోవడానికి గోడ లేకుండా పోయింది. మొదటిసారి తన మాట తానే చెప్పుకోవలసి వచ్చింది. "కరెంటు పని తెలిస్తే చాలదా పాపా? ముప్పై ఏండ్లు నేను దాంతోనే బతికినా కదా," అన్నాడు నెమ్మదిగా.

నిషాత్ అతని పక్కన కూర్చుంది. "మోటారు విప్పకముందే, చప్పుడు విని యాడ కాలిందో చెప్పేస్తావు నాయనా. ఎట్ల చెప్తావంటే నీకే తెలీదంటావు. అది నాకు తెలియాల. దానికి మూడేండ్లు పట్టేట్లుండాది."

జిలాన్ కాగితాన్ని ఒకసారి తిప్పి చూశాడు. పాటలు కూడా నేర్పుతారా అని అడిగాడు. నేర్పుతారంది. నీ గొంతుకు అది అవసరమేలే అని చేయి చాచాడు. సారు పెన్ను ఇచ్చాడు. కాగితం కింద మెత్తని పరుపు ఉండటంతో మొదటి సంతకం కాగితం అంచుదాకా పాకిపోయింది. రెండోది నిలిచింది. పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఫోటో వెళ్లింది. ఇష్రత్ లేచి మగ్గాలు వేయించింది. వచ్చినవాళ్లంతా ఎలాగూ వచ్చాం కదా అని భోజనాలు చేసి వెళ్లారు.

అయితే జబ్బు కబురు పోయినంత వేగంగా చదువు కబురు పోలేదు. మూడో రోజు బుక్కపట్నం నుంచి నిషాత్ మేనమామ రహీమ్ కిలో ఆపిల్ పండ్లు పట్టుకుని హిందూపురం వచ్చాడు. ఫిట్సు కాదు, ఐదేళ్ల చదువని విని, అయ్యో ఐదేళ్లా అని తల పట్టుకుని, ముందే తెలిసుంటే రెండు కిలోలు తెచ్చేవాణ్ణని నొచ్చుకున్నాడు.