మేళ్ళకొండ రంగులరాట్నానికి జరిగిన సంపూర్ణ రక్షణ

ఈ దేశంలో పిడుగు ఎక్కడ పడాలో నిర్ణయించే అధికారం పిడుగుకి లేదు. పరాంకుశం గారికి ఉంది. అంకమ్మరావు సంసారాన్ని గాలి కూల్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు గానీ అది అబద్ధం. గాలికి అంత తెలివెక్కడిది? కూల్చింది పరాంకుశం గారు. అదీ రూలు ప్రకారం, కాపాడే ఉద్దేశంతో.

అంకమ్మరావుది సత్తెనపల్లి అవతల మిరప సేద్యం. రెండేళ్ళు వరసగా కాయంతా తాలయిపోయింది. అరవయ్యొకటి ఎండాకాలంలో, భార్య గురవమ్మకి పుట్టింటివాళ్ళిచ్చిన పొలం షావుకారు దగ్గర తాకట్టు పెట్టి, మద్రాసు నుంచి ఇనప రంగులరాట్నం తెచ్చాడు. మేళ్ళకొండ చైత్ర పున్నమి తిరునాళ్ళలో అది తిరిగితే వడ్డీ కట్టొచ్చు. తిరక్కపోతే పొలం షావుకారుది. ఇందులో తెలియందేమీ లేదు.

రాట్నం నిలబెట్టిన రోజే పరాంకుశం గారు దిగారు. ఆయన వినోద యంత్రాల పిడుగు, గాలి నివారణ శాఖకి తనిఖీ అధికారి. (శాఖ పెట్టి ఆర్నెల్లయింది. అంతకుముందు పిడుగులు ఇష్టమొచ్చినట్టు పడేవి.) ఆయన చేతిలోని గొడుగు ఎండకి పట్టేది కాదు, గాలిని కొలిచే సర్కారు సాధనం. గొడుగు నిలిస్తే మామూలు గాలి. ఊగితే పెద్ద గాలి. తిరగబడితే ప్రమాదకరమైన గాలి. గొడుగు పట్టని చోట వీచినదాన్ని శాఖ గాలి కింద జమకట్టదు.

"పిడుగు కడ్డీ ఏదయ్యా?" అన్నారు పరాంకుశం గారు.

"అదిగోనండీ, నెత్తిన సూదిలాగా నిలబెట్టాం. దాని రాగి తీగ నేలలోకి దించాం. గొయ్యి తీసి బొగ్గూ ఉప్పూ కూడా పోశామండీ."

"గొయ్యి ఎంత లోతు?"

"నిలువెత్తండీ."

"ఎవరి నిలువెత్తు?"

అంకమ్మరావు తన గుండెల మీద చెయ్యి వేసుకుని చూపించాడు. అది చెల్లదు. రూల్లో ఉన్నది సగటు మనిషి నిలువెత్తు. సగటు మనిషిని పై ఆఫీసువారు ఇంకా ఖరారు చెయ్యలేదు. అందాకా ఎందుకైనా మంచిదని నీళ్ళు పడేదాకా తవ్వించారు.

ఆ తరవాత ఎత్తు. కడ్డీ చుట్టుపక్కల ఉన్న అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి. ఈ మాట చెవినబడగానే, తిరునాళ్ళకి వెదుళ్ళతో గోపురమంత ఎత్తు కట్టి ఊరేగించే ప్రభ తాలూకు కమిటీ పెద్ద మాలకొండయ్య తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏరా అంకమ్మరావూ, స్వామి ప్రభ కంటే ఎత్తుగా లేపుతావంట్రా? కొండ కింద అంతకంటే ఎత్తయింది మా తాతల నాటి నుంచి లేదు. నీ రాట్నంతో మొదలెడదామనా?"

"నేనంటల్లేదు బావా, రూలంటంది."

"అయితే ఆ రూలుని కొండెక్కి స్వామితో చెప్పమను!"

పరాంకుశం గారు స్వామితో తగువు పెట్టుకునే మనిషి కాదు. రూలునీ వదిలే మనిషి కాదు. కాసేపు ఆలోచించి, మనుషులు ఎక్కకపోతే రాట్నం వినోద యంత్రం కిందికి రాదని తేల్చారు. అప్పుడది ఒట్టి కట్టడం. కట్టడానికి కడ్డీ అక్కర్లేదు. కాబట్టి కడ్డీ దించేసి రాట్నాన్ని ఖాళీగా తిప్పుకోవచ్చు.

టిక్కెట్ల బల్ల దగ్గర కూర్చున్న గురవమ్మ లేచొచ్చింది. "ఖాళీ తొట్లు తిరిగితే డబ్బులు ఎవరిస్తారయ్యా?"

"చూసినందుకు తీసుకో అమ్మా. చూడ్డం మా శాఖ పరిధిలోకి రాదు."

"మా ఊళ్ళో గానుగ తిరిగేదీ చూస్తారయ్యా. ఎవరూ ఒక్క కానీ ఇవ్వలేదు."

రాట్నం ఒట్టి కట్టడం అయ్యింది గనక ఇప్పుడు కట్టడాల గాలి రూలు పట్టుకుంది. ఎనిమిది దిక్కులా కొబ్బరి మోకులు లాగి కట్టించారు. ముడిముడికీ లక్క ముద్ర వేయించారు. ముద్ర పగిలితే నేరం. పడమటి వైపు నాలుగు మోకులూ ప్రభ నడిచే బాటకి అడ్డం పడ్డాయి. (బాట దేవుడిది, మోకు ప్రభుత్వానిది. మధ్యలో అంకమ్మరావు ఎవరివాడో ఏ కాగితంలోనూ లేదు.)

పున్నమి నాడు మధ్యాహ్నం ప్రభ లేచింది. ప్రభ ఒకసారి లేచిందంటే కొండ పాదం దాకా ఆగదు, వెనక్కి తిరగదు. ఆగితే ఊరికి అరిష్టం.

"ఒరేయ్, మోకులు తియ్యరా!" అని దూరాన్నుంచే కేకేశాడు మాలకొండయ్య.

"ముద్రలున్నయ్ బావా! నేను ముట్టుకుంటే జైలు!"

"నువ్వు ముట్టుకోబాక. మేమే ముట్టుకుంటాం!"

గండ్రగొడ్డళ్ళతో నాలుగు మోకులూ తెగ్గొట్టి, గోవింద కొట్టి, ప్రభని దాటించుకుపోయారు. అప్పుడే పడమటి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. అంకమ్మరావు కాఫీ హోటలుకి పరుగెత్తాడు. పరాంకుశం గారు అట్టు తింటున్నారు.

"అయ్యా, మోకులు తెగినయ్. మళ్ళీ కట్టుకోనివ్వండి!"

"తెగిన ముద్రలు సాక్ష్యమయ్యా. పంచనామా అయ్యేదాకా ముట్టుకోకూడదు."

"గాలొస్తందండీ!"

పరాంకుశం గారు హోటలు మూలకి చూశారు. గోడకి చేరేసిన గొడుగు కదలకుండా ఉంది.

"ఏ గాలి?" అన్నారాయన, చట్నీలో ముంచుకుంటూ.

బయట రాట్నం ఒరిగిన చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. తొట్లు ఉడికిన చిలగడదుంపల్లాగా నలిగాయి. గురవమ్మ టిక్కెట్ల బల్ల పక్కనే కూలబడింది. ఒంటి మీద గీత పడలేదు.

పరాంకుశం గారు చెయ్యి కడుక్కుని వచ్చి శిథిలాల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. మొహం వెలిగిపోయింది. పిడుగు పడలేదు. గొడుగు లెక్కన గాలి వీచలేదు. రాట్నం మీద మనిషి లేడు గనక మనిషి చావలేదు. జిల్లాలో ఇంత పూర్తిగా రక్షణ పొందిన యంత్రం మరొకటి లేదని అంకమ్మరావు భుజం తట్టారు. నష్టం అన్న చోట సున్నా చుట్టారు.

ఆ సున్నాలో పట్టినది గురవమ్మ పేరనున్న రెండెకరాల పదిహేడు సెంట్ల నల్లరేగడి, తూర్పు గట్టున ఉన్న బావితో సహా.